ఓర్చుకోకూడని కంటినొప్పి

శుక్లం ఆపరేషన్ అంటే నేడు మన ఇళ్ళలో ఎవరూ పెద్దగా భయపడడం లేదు. ఉదయం ఆసుపత్రికి వెళ్ళినవారు సాయంత్రానికి ఇంటికి చేరుతున్నారు. కట్టు విప్పిన తరువాత గోడమీది క్యాలెండరులో అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయని, ఎన్నాళ్ళకో మళ్ళీ చూచి ఖుర్ఆన్ పారాయణం చేసుకోగలుగుతున్నామని మన పెద్దలు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకుంటున్నారు. ఇది నిస్సందేహంగా గొప్ప అనుగ్రహం. అయితే ఈ ఆపరేషన్ జరిగిన తరువాతి రోజులలో, చాలా అరుదుగా, ఒక ఆపద సంభవిస్తుంది. కనుగుడ్డు లోపలికి రోగక్రిములు చేరి అక్కడ చీము పడుతుంది. వైద్యులు దీనిని ‘ఎండాఫ్తాల్మైటిస్’ అని వ్యవహరిస్తారు. మంచి ఆసుపత్రులలో వెయ్యి ఆపరేషన్లకు ఒక్కరికి కూడా ఇది రాదు. కాని వచ్చినవారి చూపు నిలిచేదీ పోయేదీ చాలావరకు మొదటి కొన్ని గంటలలోనే తేలిపోతుంది. ఆ గంటలను మన కుటుంబాలు ఎలా వెచ్చిస్తున్నాయన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

కంటి నిర్మాణాన్ని కొంచెం తెలుసుకుంటే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. కంటిపాప వెనుక, కనుగుడ్డు లోపలి భాగమంతా గాజులా స్వచ్ఛమైన జిగురు పదార్థంతో నిండి ఉంటుంది. దాని పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాకు సరిపడేంత. వెలుగు నిరాటంకంగా సాగిపోవాలి గనుక ఆ పదార్థంలో రక్తనాళాలు లేవు. రక్తం లేదంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు కూడా అక్కడ కాపలా ఉండవు. మన చర్మంపై ఏ హానీ చేయకుండా బ్రతికే క్రిమి సైతం ఆ గదిలో ప్రవేశిస్తే అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. అది విడుదల చేసే విషం ఒక వైపు, ఆలస్యంగా మేల్కొన్న శరీరం సృష్టించే వాపు మరొక వైపు, కంటి వెనుక పొర అయిన రెటీనాను కాల్చివేస్తాయి. చర్మం తెగితే తిరిగి అతుక్కుంటుంది, ఎముక విరిగితే కట్టుకుంటుంది. రెటీనా కణం మాత్రం ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టదు.

క్రిములు చేరే మార్గాలు

శుక్లం ఆపరేషన్ వాటిలో ఒకటి మాత్రమే. షుగరు వ్యాధి వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి కంటిలోనికి ఇచ్చే ఇంజక్షన్ల తరువాత కూడా ఇది అరుదుగా రావచ్చు. గాయాల వల్ల వచ్చేది మరింత ప్రమాదకరం. పొలంలో ముల్లు గుచ్చుకోవడం, పిల్లలు చీపురు పుల్లలతో బాణాలాట ఆడుకోవడం, మెకానిక్ షెడ్డులో సుత్తి దెబ్బకు ఇనుప రజను ఎగిరి కంటిలో దూరడం ఇటువంటివే. ఇనుప ముక్క కొన్నిసార్లు పెద్దగా నొప్పి కూడా లేకుండా లోపలికి దూసుకుపోతుంది. ఆ యువకుడు కన్ను కడుక్కుని మళ్ళీ పనిలో కూర్చుంటాడు. మట్టిలో ఉండే కొన్ని క్రిములు ఒకటి రెండు రోజులలోనే కన్నును పూర్తిగా ధ్వంసం చేయగలవు. మన సోదరులలో ఎందరో వెల్డింగు, లేతు, మోటారు పనులతో జీవనోపాధి పొందుతున్నారు. వంద రూపాయల రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోవడం వారికి నామోషీ ఎందుకు కావాలో తెలియదు.

మరొక మార్గం లోపలి నుండే వస్తుంది. షుగరు అదుపులో లేనివారికి, మూత్రంలో చీము ఉన్నవారికి, కాలేయంలో గడ్డ ఏర్పడినవారికి, చాలాకాలం సెలైన్ గొట్టాలతో మంచంపై ఉన్నవారికి క్రిములు రక్తం ద్వారా కంటికి చేరవచ్చు. ఇటువంటివారు జ్వరంతో పాటు చూపు మసకబారిందని చెబితే దానిని నీరసం కింద కొట్టివేయకూడదు.

నొప్పి లేకపోయినా సరే

అమెరికాలో శుక్లం ఆపరేషన్ తరువాత ఈ వ్యాధి సోకిన 420 మందిపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 1995లో వెలువడ్డాయి. ముప్పయ్యేళ్ళు గడిచినా వైద్యులు నేటికీ దానినే ప్రామాణికంగా తీసుకుంటున్నారు. ఆ రోగులలో 94 శాతం మందికి చూపు మసకబారింది. 82 శాతం మందికి కన్ను ఎర్రబడింది. నొప్పి ఉన్నవారు 74 శాతం మాత్రమే. అంటే నలుగురిలో ఒకరికి నొప్పే లేదు! ‘నొప్పి లేదు కదా, పరవాలేదు’ అనే మాట ఎంత మోసకరమో దీనినిబట్టి గ్రహించవచ్చు. ఎక్కువ మందికి ఆపరేషన్ అయిన వారం లోపలే లక్షణాలు కనిపించాయి.

ఆపరేషన్ తరువాత కన్ను రోజురోజుకూ మెరుగుపడాలి. ఇది గుర్తుంచుకుంటే చాలు. నిన్నటి కంటే ఈ రోజు చూపు తగ్గితే, తగ్గుతున్న ఎరుపు మళ్ళీ పెరిగితే, రెప్ప వాచితే, నల్లగుడ్డు అడుగున తెల్లని గీత వంటిది కనిపిస్తే, అది ఇషా తరువాతైనా, ఆదివారమైనా, పండుగ రోజైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే బయలుదేరవలసిందే. రేపు ఉదయం చూద్దామనుకోవడానికి ఇది తలనొప్పి కాదు.

మన ఇళ్ళలో జరిగేది వేరుగా ఉంటుంది. దాదీమా రాత్రంతా మూలుగుతూనే ఉంటారు. పిల్లల నిద్ర పాడవుతుందని ఎవరినీ లేపరు. అడిగితే ‘సబర్ చేస్తున్నాను బేటా’ అంటారు. సబర్ విశ్వాసి ఆభరణమే. కాని చికిత్స ఉన్న వ్యాధికి చికిత్స చేయించుకోకుండా ఊరుకోవడాన్ని సహనమని ధర్మం ఎక్కడా చెప్పలేదు. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండని, వార్ధక్యం తప్ప మందు లేని వ్యాధిని అల్లాహ్ పుట్టించలేదని దైవప్రవక్త (స) ఉపదేశించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. చేయవలసినదంతా చేసిన తరువాత ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్.

ఇక ఇంటి వైద్యం. తేనె చుక్క, ఆముదం, చనుబాలు, గులాబీ నీరు వంటివాటిలో ఏదీ ఆపరేషన్ అయిన కంటిలో గాని, గాయపడిన కంటిలో గాని వేయరాదు. సుర్మా విషయం కొందరికి కష్టంగా తోచవచ్చు. దైవప్రవక్త (స) ఇస్మిద్ సుర్మాను మెచ్చుకున్నారన్నది నిజమే. అది ఆరోగ్యవంతమైన కంటి గురించి. పైగా నేడు బజారులో సుర్మా పేరిట అమ్మే పొడులలో కొన్నింట సీసం ఉంటున్నదని పరీక్షలలో తేలింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చుక్కలు అన్నిటికంటే ప్రమాదకరం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు ఎరుపు తగ్గి, రోగం తగ్గినట్లే కనిపిస్తుంది. లోపల ఉన్నది శిలీంధ్రమైతే, అంటే బూజు జాతి క్రిమి అయితే, ఆ చుక్కలు దానికి ఎరువు వేసినట్లే.

చికిత్స ఎలా సాగుతుంది?

మాత్రలు వేసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రక్తంలో ఉన్న ప్రతి వస్తువూ కంటిలోనికి పోకుండా రక్తనాళాల గోడలు ఒక కట్టుదిట్టమైన అడ్డుకట్టగా పనిచేస్తాయి. సృష్టికర్త ఏర్పరచిన ఈ రక్షణే వ్యాధి సమయంలో మందుకు అడ్డువస్తుంది. చుక్కల మందు కూడా అంత లోతుకు చాలినంతగా దిగదు. కనుక మందును నేరుగా కంటిలోనికే ఎక్కించాలి. కంటిలోని సున్నితమైన పొరలు మాడిపోకుండా ఎంత మోతాదు ఇవ్వవచ్చో 1970ల దశకంలో నిర్ధారించినవారిలో ఇరాన్‌లోని షీరాజ్‌లో జన్మించిన డాక్టర్ ఘొలాం పేమన్ ప్రముఖులు. లేజర్‌తో కళ్ళద్దాల అవసరాన్ని తొలగించే పద్ధతికి కూడా ఆద్యుడిగా ఆయన పేరే చెబుతారు.

కంటిలో సూది అనగానే గుండె ఝల్లుమంటుంది. మొద్దుబారేందుకు మందు వేసిన తరువాత, తెల్లగుడ్డులో నల్లగుడ్డు అంచుకు సుమారు 4 మిల్లీమీటర్ల దూరాన, వెంట్రుకవంటి సన్నని సూదితో ఈ పని చేస్తారు. ముందుగా లోపలి ద్రవాన్ని ఒకటి రెండు చుక్కలు తీసి పరీక్షకు పంపుతారు. ఫలితం కోసం వేచి ఉండకుండా రెండు రకాల యాంటీబయాటిక్ మందులు ఎక్కిస్తారు. సాధారణంగా వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడీమ్ 2.25 మిల్లీగ్రాములు. శిలీంధ్రమని అనుమానిస్తే మందు మారుతుంది, చికిత్స వారాల తరబడి సాగుతుంది. మన దేశంలో, పాశ్చాత్య దేశాల కంటే, శిలీంధ్రాలు, మందులకు లొంగని మొండి బాక్టీరియా ఎక్కువ పాలు కనిపిస్తాయి. అందుకే 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ వ్యాధిపై మన పరిస్థితులకు తగిన పరిశోధన దశాబ్దాలుగా జరుగుతున్నది. ఒకటి రెండు రోజుల తరువాత మెరుగు కనిపించకపోతే ఇంజక్షన్ మళ్ళీ ఇవ్వవలసి రావచ్చు. రెండవ ఇంజక్షన్ అనగానే ‘మొదటిది తప్పు చేశారు’ అని ఆసుపత్రి మార్చడంలో విలువైన రోజు ఒకటి పోతుంది.

చీము మరీ ఎక్కువగా ఉంటే విట్రెక్టమీ అనే శస్త్రచికిత్స చేస్తారు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ మాకెమర్ 1970లో మొదటిసారిగా దీనిని చేశారు. సన్నని పరికరాలతో లోపలి చెడిపోయిన జిగురును కత్తిరించి బయటికి లాగి, ఆ స్థానంలో శుభ్రమైన ద్రవాన్ని, అవసరమైతే గాలినో సిలికాన్ నూనెనో నింపుతారు. దీనివల్ల ఎవరికి మేలు అనే ప్రశ్నకు పైన చెప్పిన 1995 అధ్యయనమే సమాధానమిచ్చింది. చేయి ఊపితే కనిపించేంత చూపైనా మిగిలి ఉన్నవారికి ముందుగా ఇంజక్షన్ చాలు. వెలుతురు ఉన్నదో లేదో మాత్రమే తెలిసే స్థితికి దిగజారినవారిలో, వెంటనే విట్రెక్టమీ చేస్తే 33 శాతం మందికి మంచి చూపు తిరిగి వచ్చింది. ఇంజక్షన్ మాత్రమే ఇచ్చినవారిలో 11 శాతం మందికే వచ్చింది.

మొత్తం మీద ఆ 420 మందిలో సగానికి పైగా, అంటే 53 శాతం మంది, అక్షరాల పట్టికలో 6/12 వరుస వరకు లేదా అంతకంటే బాగా చదవగలిగారు. 15 శాతం మందికి ఆ కన్ను దాదాపు పనికిరాకుండా పోయింది. సమయానికి వైద్యం అందిన రోగుల లెక్క ఇది. శుక్లం ఆపరేషన్ తరువాత వచ్చేదానికి మాత్రమే వర్తిస్తుంది. గాయం వల్ల వచ్చినదానికి ఫలితాలు ఇంత బాగుండవు. గాయమైన కన్నును నలపకుండా, నీళ్ళతో కడగకుండా, గుచ్చుకున్నదానిని పీకకుండా, ఒత్తిడి పడకుండా ఒక చిన్న కప్పు వంటిది అడ్డుపెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దారిలో ఏమీ తినిపించకూడదు, మత్తు ఇవ్వవలసి రావచ్చు.

వుజూ, నమాజు, ఉపవాసం

చుక్కల మందు మానివేయడానికి మన ఇళ్ళలో వినిపించే కారణాలలో రమజాను ఒకటి. ఉపవాసం భంగమవుతుందేమోనన్న భయంతో సహరీకి, ఇఫ్తార్‌కు మధ్య పదమూడు గంటలు మందు వేయనివారున్నారు. గంటకొకసారి వేయవలసిన మందది! కంటిలో వేసిన మందు రుచి గొంతులో తెలిసినా ఉపవాసం భంగం కాదన్నది హనఫీ ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం. 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ పదవ సమావేశం కూడా కంటిచుక్కలు ఉపవాసాన్ని భంగపరచవని తీర్మానించింది. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే, రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సౌలభ్యం దివ్య ఖుర్ఆనే ప్రసాదించింది.

వుజూలో కంటికి నీరు తగలరాదని వైద్యుడు చెబితే మిగిలిన ముఖాన్ని కడిగి, కట్టుపై తడిచేతితో తుడవాలి. అది కూడా హానికరమైతే ఆ భాగాన్ని వదిలివేయవచ్చు. వివరాలకు దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించండి, కాని ముందు వైద్యుని మాట వినండి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది నమాజు విషయం. విట్రెక్టమీలో గాలి నింపితే కొన్ని రోజులు తల వంచి బోర్లా పడుకోమంటారు. మరికొన్ని సందర్భాలలో వంగవద్దంటారు. సజ్దా ఎలా? ఇది కొత్త ప్రశ్న కాదు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే హలబ్ నగరంలో నివసించిన హనఫీ ధర్మవేత్త ఇమామ్ కాసానీ (రహ్మ) తన ‘బదాయిఉస్సనాయి’ గ్రంథంలో దీనిని చర్చించారు. ఆయన క్రీ.శ. 1191లో మరణించారు. కంటిలో దిగిన ‘నీటిని’, అంటే శుక్లాన్ని, తీయించుకున్న వ్యక్తిని కొన్ని రోజులు వెల్లకిలా పడుకోవాలనీ, కూర్చోవడం, సజ్దా చేయడం కూడదనీ వైద్యుడు ఆదేశిస్తే అతడు పడుకునే సైగలతో నమాజు చేసుకోవచ్చునని ఆయన తీర్పు. అవయవాల పవిత్రత ప్రాణ పవిత్రత వంటిదేనని ఆయన వాదం. ఇమామ్ మాలిక్ (రహ్మ) దీనికి అంగీకరించలేదు; హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపు కోల్పోయినప్పుడు ఇటువంటి చికిత్సకు సహాబాలు సమ్మతించకపోవడం అందుకు ఆధారం. ఆ వైద్యుని మాటలో నిజమెంతో వారికి రుజువు కాకపోయి ఉండవచ్చునని కాసానీ (రహ్మ) సమాధానం. నేడు భంగిమ వెల్లకిలా నుండి బోర్లాకు మారింది గాని ప్రశ్న అదే. వైద్యుని మాటకు ఇప్పుడు వేలాది రోగుల లెక్కలు సాక్ష్యంగా ఉన్నాయి.

ఇదే సందర్భంలో మరొక మాట. కంటిలో గాలి ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్ళినకొద్దీ ఆ గాలి వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెరిగి ఉన్న చూపు కూడా పోవచ్చు. ఉమ్రా టికెట్టు తీసుకున్నవారు, గల్ఫ్‌లో సెలవు ముగుస్తున్నవారు ఈ విషయం వైద్యుని తప్పక అడగాలి.

స్త్రీల విషయం ప్రత్యేకంగా ప్రస్తావించాలి. కొడుకు జిద్దాలోనో దుబాయిలోనో ఉంటాడు. ఇంటిలో కోడలు, అత్తగారు మాత్రమే. రాత్రి పదింటికి కన్ను ఎర్రబడితే ఫోను చేసి అనుమతి అడిగి, మహిళా వైద్యురాలు ఉన్న ఆసుపత్రి ఏదో విచారించి, తెల్లవారాక బయలుదేరుతారు. అత్యవసర పరిస్థితిలో పురుష వైద్యుని చేత చికిత్స పొందడానికి ధర్మం ద్వారం తెరిచే ఉంచింది. ఆపరేషన్‌కు ముందే, రాత్రివేళ అవసరమైతే ఎవరు తోడు వస్తారో, ఏ ఆటో పిలవాలో ఇంటిలో నిర్ణయించుకోవాలి. ఫోనులో అనుమతి అడగవలసిన ఆ కుమారుడే ఊరు విడిచే ముందు ‘నన్ను అడగకండి, బయలుదేరండి’ అని చెప్పి వెళితే ఇంకా మంచిది.

శిబిరాలకు వెళ్ళేవారికి

ఉచిత కంటి శిబిరాలు పేదలకు వరాలు. వాటిని అనుమానించమని చెప్పడం నా ఉద్దేశ్యం కాదు. అయితే 2021 నవంబరులో బీహార్‌లోని ముజఫ్ఫర్‌పూర్‌లో ఒకే రోజున 65 మందికి శుక్లం ఆపరేషన్లు జరిగిన తరువాత, క్రిములు సోకి పదిమందికి పైగా రోగుల కళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఒక ద్రవం సీసాలోనో, ఒక పరికరంపైనో శుభ్రత లోపిస్తే ఆ రోజు వరుసలో ఉన్నవారందరూ నష్టపోతారు. ఇటువంటి ఆపద ఎంతగా తగ్గించవచ్చో చూపిన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. మదురైలో ప్రారంభమైన అరవింద్ కంటి ఆసుపత్రుల వైద్యులు 20 లక్షల శుక్లం ఆపరేషన్ల వివరాలను 2019లో ప్రకటించారు. ఆపరేషన్ చివర కంటిలోనికి మాక్సిఫ్లాక్సాసిన్ మందు ఎక్కించనివారిలో పదివేలకు 7గురికి, ఎక్కించినవారిలో పదివేలకు ఇద్దరికి ఈ వ్యాధి వచ్చింది. కనుక మసీదు కమిటీలు, యువజన సంఘాలు శిబిరం ఏర్పాటు చేసేటప్పుడు మూడు విషయాలు అడగడం అమర్యాద కాదు: ఆపరేషన్‌కు ముందు కంటిలో అయోడిన్ ద్రావణం వేస్తారా, చివర యాంటీబయాటిక్ ఎక్కిస్తారా, రాత్రి ఇబ్బంది వస్తే పలికే ఫోను నంబరు ఏది. బిర్యానీ ప్యాకెట్ల లెక్క కంటే ఆ నంబరు ముఖ్యం. ఆపద వచ్చిన పేద రోగి పెద్ద ఆసుపత్రికి వెళ్ళడానికి జకాత్ నిధి నుండి సాయం అందించే ఏర్పాటు ముందే ఉంటే అర్ధరాత్రి చందాలు వసూలు చేయవలసిన అవసరం రాదు.

ఎంత ప్రయత్నించినా కొందరి చూపు తిరిగి రాదు. రెండు కళ్ళనూ కోల్పోయి సహనం వహించిన దాసునికి స్వర్గం ప్రతిఫలమన్న శుభవార్త వారికోసమే ఉంది. ‘అబస’ అధ్యాయం ఎవరి సందర్భంగా అవతరించిందో ఆ అంధ సహాబీ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మస్జిదె నబవీలో అజాన్ పలికారు. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు పలుమార్లు మదీనాలో ఆయన ప్రతినిధిగా నిలిచారు.

ఒక కన్ను పోయిన పెద్దలు సాధారణంగా రెండవ కంటి శుక్లానికి ఆపరేషన్ వద్దంటారు. ఆ భయం సహజమే, కాని దానివల్ల మిగిలిన కన్ను కూడా శుక్లంతోనే మూసుకుపోతుంది. మొదటి కంటిలో ఏ క్రిమి దొరికిందో ఆ పరీక్ష కాగితాన్ని భద్రపరచి కొత్త వైద్యునికి చూపించాలి. షుగరు అదుపులోకి వచ్చాక, రెప్పల అంచుల శుభ్రత, కన్నీటి దారిలో చీము ఉన్నదీ లేనిదీ చూసిన తరువాతనే రెండవ కంటికి ఆపరేషన్ చేస్తారు. చాలామందికి అది నిరపాయంగానే జరుగుతుంది.